రవ్వలూ రవమూ

నా గది గోడ మీద ఒక అవ్వ ఫోటో ఉంది. అందులో వెలుతురు పడింది ఒక్క ఎడమ చెంప మీదే. మిగతా మొహమంతా చీకట్లోకి ఒదిగి ఉంటుంది. ముక్కుపుడకలో తెల్లరాయి ఒకటి మెరుస్తుంది. ముడతలు ఆ రాయి దగ్గర సన్నగా మొదలై, చెవి వైపు వెళ్లేకొద్దీ చీకట్లో కలిసిపోతాయి. ఆ కలిసిపోయే చోటునే నేను ఎక్కువసేపు చూస్తుంటాను. అక్కడ వెలుతురు ఉన్నట్టుండి ఆగిపోదు. సన్నని నలుసులుగా విడిపోయి, పలచబడి, ఇక్కడొకటి అక్కడొకటిగా మిగిలి, చివరికి నలుపులో మునుగుతుంది. ముగ్గు వేసే చేతిలో పిండి అయిపోవస్తున్నప్పుడు గీత ఎలా పలచబడుతుందో అలా.

అనంతపురం వైపు ఒక పల్లెలో, తోలుబొమ్మలాట రాత్రి తీసిన ఫోటో అది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వల్ల ఆ ప్రాంతంలో ఈ బొమ్మలకు నేటికీ పేరుంది. మేకతోలును వెలుతురు దూరేంత పలచన చేసి, రంగులద్ది, నగలున్న చోట సన్నని చిల్లులు పొడుస్తారు. వెనక దీపం వెలిగితే రంగులు తెర మీద తేలతాయి, చిల్లులు రవ్వల నగలవుతాయి. పూర్వం ఆముదపు దీపాలు, ఇప్పుడు బల్బులు. జనం తెరను చూస్తున్నారు. నేను తెరకు వీపు పెట్టి జనాన్ని చూశాను. ముందు వరసలో చాప మీద, మోకాలిపై గడ్డం ఆనించి, ఈ అవ్వ. రావణుడి బొమ్మలోంచి, తెరగుడ్డలోంచి వడకట్టుకుని వచ్చిన కొంచెం ఎర్రటి వెలుగు ఆమె చెంప మీద నిలిచింది.

ఆట అయ్యాక కెమెరా వెనక తెర మీద ఆమెకు చూపించాను. పెద్దగా కనిపించాలని మొహం దగ్గరకు జూమ్ చేశాను. కళ్లు చిట్లించి చూసి, "ఏంది నాయనా, మొగమ్మీద రవ్వ సల్లినట్టుండాది?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. మేం ఫోటోలు తీసేవాళ్లం దాన్ని నాయిస్ అంటాం. పాతతరం స్టూడియోవాళ్లు గ్రెయిన్స్ వచ్చాయంటారు. ఒకటి చెవికి చెందిన మాట, ఒకటి కంటికి చెందిన మాట. పుట్టుకలు వేరైనా తెలుగులో ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి అక్కచెల్లెళ్లలా నిలబడతాయి. రవమంటే చప్పుడు. రవ్వంటే నలుసు. ఉప్మాలోది రవ్వే, పొయ్యిలోంచి ఎగిరేదీ రవ్వే, ముక్కుపుడకలో మెరిసేదీ రవ్వే. ఏ రవ్వ పంటి కింద ఇసుకలా కరకరమంటుంది, ఏ రవ్వ రాయై మెరుస్తుంది? కొన్ని కెమెరాలు చీకటిని అందంగా ఎందుకు పట్టుకుంటాయి, కొన్ని ఎందుకు పాడుచేస్తాయి అనే ప్రశ్న నాకు చివరికి ఈ రూపంలో నిలిచింది.

ఎందుకంటే అలాంటి ఆటనే అంతకు కొన్నేళ్ల ముందు ఒక జేబు కెమెరాతో తీశాను. ఆ ఫోటో కూడా దాచుకున్నాను. అందులోనూ ఒక ముసలి మొహం ఉంది. కానీ చెంప ఉండాల్సిన చోట ఊదా, ఆకుపచ్చ మరకలు బొట్లు బొట్లుగా తేలుతున్నాయి. ముడతలు ఎండకు మెత్తబడిన మైనంలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నీడలో అడ్డంగా సన్నని గీతలు, ఎవరో దువ్వెనతో గీరినట్టు. రెండు ఫోటోల్లోనూ నాయిస్ ఉంది. ఒకదాంట్లో అది రసానికి ఊపిరి, రెండోదాంట్లో రసాభాస. ఈ తేడాను "మంచి కెమెరా, చెత్త కెమెరా" అని తేల్చేయబుద్ధి కాలేదు. తేడాలో ఒక సౌందర్యశాస్త్రమే ఉంది.

కాశ్మీరంలో దాదాపు వెయ్యేళ్ల కింద అభినవగుప్తుడు, ఆనందవర్ధనుడి 'ధ్వన్యాలోకం' మీద వ్యాఖ్య రాస్తూ, సహృదయుడంటే ఎవరో చెప్పాడు. ఆ చెప్పడంలో మనసును అద్దంతో పోల్చాడు. కావ్యాలను పదేపదే సేవించడం వల్ల ఎవరి మనసు అద్దంలా తేటపడుతుందో, ఎదుటి వస్తువులో తాను లీనమయ్యే యోగ్యత ఎవరికి కలుగుతుందో, వాళ్లే సహృదయులని ఆయన భావం. కెమెరాలోని సెన్సార్‌ను గురించి తెలుసుకునేకొద్దీ నాకు ఈ నిర్వచనమే గుర్తొస్తూ వచ్చింది. సహృదయుడు మూడు పనులు చేస్తాడు. ఎదుట ఉన్నదాన్ని వీలైనంత నిండుగా అందుకుంటాడు. అందుకునేటప్పుడు తన సొంత గోల అందులో కలపడు. తిరిగి చెప్పేటప్పుడు విన్నదే చెబుతాడు. చీకట్లో మంచి కెమెరా చేసేవీ సరిగ్గా ఈ మూడు పనులే.

అయితే ముందు వెలుతురు సంగతి చెప్పాలి. వెలుతురు నీళ్లలా ధారగా పారుతుందని మన కన్ను నమ్ముతుంది. అది చినుకుల్లా రాలుతుంది. వెలుతురు విడివిడి మోతాదులుగా వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఆ మోతాదునే ఇప్పుడు ఫోటాన్ అంటున్నాం. వాకిట్లో ఒకే కొలత గిన్నెలు వరసగా పెట్టి తొలకరి చినుకులు పట్టారనుకోండి. కాసేపటికి తీసి లెక్కపెడితే ఒక గిన్నెలో 9 చినుకులు, పక్కదాంట్లో 13, ఆ పక్కన 7. గిన్నెల్లో తప్పు లేదు. వానలోనూ లేదు. చినుకుకు తోచిన చోట చినుకు పడింది. వాన జోరందుకుని ప్రతి గిన్నెలో వేల చినుకులు పడ్డాక చూడండి, అన్నీ ఒక్క మట్టంగా నిండినట్టే ఉంటాయి.

ఈ తేడాకు ఒక చక్కని లెక్క ఉంది. సగటున 100 చినుకులు పడే చోట గిన్నెకూ గిన్నెకూ హెచ్చుతగ్గు 10 వరకు ఉంటుంది, అంటే నూటికి పది. 10,000 పడే చోట హెచ్చుతగ్గు 100, అంటే నూటికి ఒకటే. హెచ్చుతగ్గు ఎప్పుడూ అంకెకు వర్గమూలమంత. వాల్టర్ షాట్కీ 1918లో రేడియో వాల్వుల్లో పరుగెత్తే ఎలక్ట్రాన్ల విషయంలో ఈ రొదను వర్ణించాడు. రేకు మీద తుపాకీ రవ్వలు పడుతున్న చప్పుడును తలపించే జర్మన్ పేరు పెట్టాడు. అక్కడి నుంచే దానికి షాట్ నాయిస్ అనే పేరు స్థిరపడింది. మళ్లీ రవ్వే, మళ్లీ రవమే.

కాబట్టి అవ్వ చెంప అంచున కనిపించే రవ్వల్లో మొదటి పాలు కెమెరాది కాదు. వెలుతురుదే. బల్బు నుంచి బయల్దేరి, రావణుడి ఎరుపులోంచి, గుడ్డలోంచి దూరి, ఆ చెంపను తాకి, లెన్సులోకి వచ్చిన ఫోటాన్లు అంత తక్కువ. లోకంలో ఏ లోపమూ లేని కెమెరా ఒకటుంటే దాని ఫోటోలోనూ ఆ నీడలో ఆ రవ్వలు ఉంటాయి. ఈ సంగతి తెలిసిన రోజున నేను నీడల్ని చూసే తీరే మారిపోయింది. అప్పటిదాకా చీకట్లో నాయిస్‌ను మురికి అనుకునేవాణ్ణి. వెలుతురు తన అసలు రూపంలో, చినుకు చినుకుగా కనిపించేది అక్కడేనని అప్పుడు అర్థమైంది. పట్టపగలు అది మనకు కనబడనివ్వని స్వభావాన్ని చీకటి పడ్డాక విప్పి చూపిస్తుంది.

ఇక మొదటి పని, నిండుగా అందుకోవడం. నా జేబు కెమెరాలో సెన్సార్ కొలత సుమారు 6.2 మిల్లీమీటర్లు పొడవు, 4.6 వెడల్పు. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోరంత. అవ్వను తీసిన కెమెరాలో సెన్సార్ 36 పొడవు, 24 వెడల్పు, వెరసి 864 చదరపు మిల్లీమీటర్లు. పాత ఫిల్మ్ ఫ్రేమంత. అదే ఎపర్చర్, అదే షట్టర్ పెడితే పెద్ద వాకిట్లో చిన్న వాకిలి కంటే 30 రెట్లు వాన పడుతుంది. వర్గమూలం లెక్కన చిత్రం ఐదున్నర రెట్లు తేటగా ఉంటుంది. మిగతా నేర్పంతా దీని తర్వాతే. పాత్ర చిన్నదైతే ఎంత భక్తితో పట్టినా తీర్థం కొంచెమే.

2007లో నికాన్ డీ3 వచ్చినప్పటి సంబరం ఫోటోగ్రాఫర్లు ఇంకా మర్చిపోలేదు. అందరూ మెగాపిక్సెళ్ల అంకె పెంచుతూ పోతున్న కాలంలో ఆ కెమెరా నిండు ఫ్రేము వైశాల్యంలో 12.1 మెగాపిక్సెళ్లే పరిచింది. ఒక్కో పిక్సెల్ వెడల్పు 8.45 మైక్రాన్లు. చీకట్లో పెంచుకునే ఐఎస్‌ఓ అనే అంకె 6400 వరకు మామూలు పరిధి, అవసరమైతే 25,600 వరకు. ఐఎస్‌ఓ 1600 దాటాలంటేనే గుండె దడదడలాడే రోజులవి. డీ3 తీసిన రాత్రి ఫోటోల్లో నన్ను కట్టిపడేసింది నాయిస్ లేకపోవడం కాదు, ఉన్న నాయిస్ తీరు. రంగుమరకలు లేవు. గీతలు లేవు. సన్నగా, సమంగా, బూడిదరంగులో, మంచి ఫిల్మ్ గింజలా ఉంది. రెండేళ్లకు వచ్చిన డీ3ఎస్‌లో మామూలు పరిధే 12,800కు చేరింది. పెళ్లిమండపంలో తెల్లవారుజామున, స్టేజీ వెనక చీకట్లో, ఫ్లాష్ వెలిగించి క్షణాన్ని చెదరగొట్టకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకునే చనువు ఆ తరం కెమెరాలతోనే చేతికొచ్చింది.

పెద్ద పిక్సెల్ అంటేనే తక్కువ నాయిస్ అని చాలామంది నమ్మకం. అందులో సగమే నిజం. వాకిలి అంతే ఉన్నప్పుడు పెద్ద గిన్నెలు పది పెట్టినా చిన్న గిన్నెలు నలభై పెట్టినా మొత్తం వాన ఒక్కటే. ఫోటోను ఒకే సైజులో అచ్చువేసి చూస్తే ఆ తేడా చాలా వరకు సమసిపోతుంది. 2015లో సోనీ ఏ7ఆర్ 2 అనే కెమెరా 42 మెగాపిక్సెళ్లు పరిచి కూడా చీకట్లో ఎంతో తేటగా చూసింది. అయితే ప్రతి గిన్నెనూ తూచేటప్పుడు కాస్తంత తూకపు తప్పు దొర్లుతుంది. గిన్నెలు ఎక్కువైతే ఆ తప్పులూ ఎక్కువే. రెండు మూడు చినుకులే పడే కారుచీకట్లో ఆ తప్పే పెద్దదవుతుంది. అందుకే 2014లో సోనీ ఏ7ఎస్ 12.2 మెగాపిక్సెళ్లతోనే ఆగి, ఐఎస్‌ఓను 4,09,600 దాకా తీసుకెళ్లగలిగింది.

ఏ7ఆర్ 2లో ఇంకో అందం ఉంది. మామూలు సెన్సార్‌లో వెలుతురును పట్టే సిలికాన్ అడుగున ఉంటుంది, దాని మీద లోహపు తీగలు అల్లుకుని ఉంటాయి. పందిరి గుంజల సందుల్లోంచి పెళ్లి చూసినట్టు వెలుతురు ఆ తీగల సందుల్లోంచి దిగాలి. ఇంజినీర్లు చిప్పునే తిరగేసి, వెనకవైపు సిలికాన్‌ను పలచగా చెక్కి, వెలుతురును వీపు మీదుగా లోపలికి రానిచ్చారు. చిన్న సెన్సార్లలో ముందే వచ్చిన ఈ పద్ధతి నిండు ఫ్రేములో మొదట అడుగుపెట్టింది ఆ కెమెరాతోనే. తోలును పలచన చేసి వెనక నుంచి వెలుతురు దూర్చడం మన బొమ్మలవాళ్లకు ఏనాటి నుంచో తెలిసిన మర్మం. ఆ పోలిక తట్టినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

రెండో పని కష్టమైనది. సొంత గోల కలపకుండా ఉండడం. పడిన ఫోటాన్ సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. ఆ పిడికెడు ఎలక్ట్రాన్లను కొలిచి, పెద్దది చేసి, అంకెగా మార్చాలి. ఈ దారిలో ప్రతి మలుపులోనూ చిప్పు తన సొంత గొణుగుడు కొంత కలుపుతుంది. దాన్ని రీడ్ నాయిస్ అంటారు. పిక్సెల్‌ను ప్రతిసారి ఖాళీ చేసినప్పుడు అది పూర్తిగా సున్నా కాదు. కాస్త ఎక్కువో తక్కువో అడుగున మిగులుతుంది, అదీ ప్రతిసారి వేరుగా. దీనికి కనిపెట్టిన విరుగుడు మన నూనె కొట్టు నీతి. ఖాళీ గిన్నెను ముందు తూచి పెట్టుకో, నూనె పోశాక మళ్లీ తూచు, మొదటిది తీసెయ్. ఒక్కో పిక్సెల్‌నూ ఇలా రెండుసార్లు చదివి తీసివేస్తారు. గిన్నె బరువు పోయి నూనె బరువే మిగులుతుంది.

ఆ తూకం సరిగా సాగాలంటే గిన్నెలోని నూనె చివరి చుక్కదాకా తూనికలోకి జారాలి. 1980లో జపాన్‌లోని ఎన్‌ఈసీ సంస్థలో నొబుకజు తెరానిషి కనిపెట్టిన పిన్డ్ ఫోటోడయోడ్ ఆ పని చేసింది. సిలికాన్ పైపొరను కప్పి, అక్కడ ఊరికే పుట్టుకొచ్చే ఎలక్ట్రాన్లను అణచి, పట్టిన చార్జి అంతా వెనక మిగలకుండా జారిపోయేలా చేసింది. 1990ల్లో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందం ప్రతి పిక్సెల్‌లోనే చిన్న యాంప్లిఫయర్ పెట్టే సీమాస్ సెన్సార్‌ను పనికొచ్చేలా తీర్చిదిద్దింది. ఈ రెండూ కలిసిన బిడ్డే నేటి కెమెరాల్లో దాదాపు అన్నిటిలోని సెన్సార్. 2017లో వీళ్లిద్దరికీ, సీసీడీ అనే ముందుతరం సెన్సార్ల కాలపు జార్జ్ స్మిత్, మైకేల్ టాంప్సెట్‌లకూ కలిపి ఇంజినీరింగ్‌లో క్వీన్ ఎలిజబెత్ బహుమతి ఇచ్చారు. నేడు మంచి సెన్సార్ హెచ్చు ఐఎస్‌ఓలో కలిపే గొణుగుడు ఒకటి నుంచి మూడు ఎలక్ట్రాన్లంత. ఎలక్ట్రాన్లను వేళ్ల మీద లెక్కపెట్టేంత నిశ్శబ్దం అది.

ఆ నిశ్శబ్దం సాధించడానికి దారిని కుదించడం కూడా ఒక ఉపాయం. పంక్తిలో ఒకరి చెవిలో చెప్పిన మాట పదోవాడి దగ్గరకు చేరేసరికి ఏమవుతుందో పిల్లలందరికీ తెలుసు. సెన్సార్‌లో పుట్టిన బలహీనమైన సంకేతం చాలా దూరం నడిచి, ఎక్కడో మూల ఉన్న ఒకటి రెండు మార్పిడి యంత్రాల దగ్గరకు వెళ్లి అంకెగా మారితే దారంతా రొద అంటుకుంటుంది. 2007లో సోనీ ఎక్స్‌మోర్ అనే పేరుతో తెచ్చిన సెన్సార్లలో ప్రతి నిలువు వరసకూ చిప్పు మీదే ఒక మార్పిడి యంత్రం పెట్టారు. మాట పుట్టిన చోటే రాసేసుకోవడం ఇది. ఆ తర్వాత నీడల్ని ఎంత లేపినా చెక్కుచెదరని ఫోటోలు మామూలైపోయాయి.

ఇక్కడే సౌందర్యానికి అసలు కీలకం ఉందని నాకనిపిస్తుంది. మన కన్ను యాదృచ్ఛికాన్ని క్షమిస్తుంది, క్రమాన్ని క్షమించదు. ఇసుకతిన్నె మీద కోటి రేణువులున్నా కంటికి అది ఒక్క ఒంపుగానే కనిపిస్తుంది. అదే తిన్నె మీద దువ్వెన పళ్లలా నాలుగు సమాన గీతలు పడితే చూపు అక్కడే ఇరుక్కుంటుంది. వెలుతురు రవ్వలు పూర్తిగా యాదృచ్ఛికం. అందుకే అవి చెంపకు చర్మంలా ఒదిగిపోతాయి. చిప్పు గొణుగుడుకు మాత్రం వరసలుంటాయి, అడ్డపట్టీలుంటాయి, ప్రతి ఫోటోలో ఒకే చోట వెలిగే చుక్కలుంటాయి. రొద ఎంత ఉందన్న దానికంటే అది ఎవరి రొద అన్నదే చూపరికి ముందు తెలుస్తుంది. కచేరీలో తంబూరా నాదం ఎంత పెద్దగా ఉన్నా పాటను మోస్తుంది. మైకు సన్నగా గుర్రుమన్నా చాలు, చెవి పాటను వదిలి దాని వెంట పోతుంది.

రంగుమరకల కథ ఇంకా సూక్ష్మం. సెన్సార్‌కు రంగు తెలియదు, వెలుతురు ఎంతో మాత్రమే తెలుసు. కోడాక్ సంస్థలో బ్రైస్ బేయర్ చేసిన ఏర్పాటుకు 1976లో పేటెంటు వచ్చింది. ప్రతి నాలుగు పిక్సెళ్ల మీద రెండు ఆకుపచ్చ, ఒక ఎరుపు, ఒక నీలం వడపోతలు ఉంటాయి. ఒక్కో వడపోత తనది కాని వెలుతురును ఆపేస్తుంది కనుక వచ్చిన వెలుగులో సగానికి పైగా గుమ్మంలోనే పోతుంది. దీపపు వెలుగులో, పాత బల్బు వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం కరువు. నీలం గిన్నెల్లో పడేది రెండు మూడు చుక్కలే. తెలుపును తెలుపుగా చూపాలని కెమెరా ఆ కొంచెం నీలాన్నే అన్నిటికంటే ఎక్కువగా పెంచుతుంది. దాంతోపాటు దాని రొదా పెరుగుతుంది. జేబు కెమెరా ఫోటోలో ఆ ముసలి చెంప మీది ఊదా మరకలు అక్కడ పుట్టినవే. 2012లో లైకా సంస్థ వడపోతలన్నీ తీసేసి నలుపు తెలుపు మాత్రమే చూసే ఎం మోనోక్రోమ్‌ను తెచ్చింది. రంగు త్యాగం చేస్తే వెలుతురు ఎంత పెరుగుతుందో, రవ్వ ఎంత శుద్ధంగా ఉంటుందో ఆ ఫోటోల్లో చూడాలి.

ఐఎస్‌ఓ పెంచితే కెమెరా కన్ను చురుకవుతుందని అనుకుంటాం. వాన అంతే, వాకిలి అంతే. పట్టిన దాన్ని పెద్దది చేసి చూపడమే ఐఎస్‌ఓ పని. అయితే ఆ పెంచడం ఎప్పుడు జరిగిందన్నది ముఖ్యం. తర్వాతి మలుపుల్లో రొద అంటుకునే లోపే సంకేతాన్ని పెంచితే ఆ రొద దాని ముందు చిన్నదవుతుంది. ఇక వేడి. వెలుతురు లేకపోయినా సిలికాన్ వేడికే ఎలక్ట్రాన్లను విదుల్చుతుంటుంది. ఉష్ణోగ్రత 6 నుంచి 8 డిగ్రీలు పెరిగినప్పుడల్లా అవి దాదాపు రెట్టింపవుతాయి. క్షణంలో తీసే ఫోటోకు దీని బాధ లేదు. నిమిషాల తరబడి నక్షత్రాల కోసం షట్టర్ తెరిచిపెట్టేవాళ్లకే ఇది గండం. ఖగోళ కెమెరాలను గడ్డకట్టించేంత చల్లబరిచేది అందుకే.

మూడో పని, విన్నదే చెప్పడం. ఇది ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది. చవకబారు పద్ధతి పక్కపక్క పిక్సెళ్లను కలిపి నున్నగా రుద్దేయడం. రుద్దేవాడికి ముడతకూ రవ్వకూ తేడా తెలియదు. రెండూ పోతాయి. జేబు కెమెరా ఫోటోలో మైనంలా కరిగిన మొహం అలా వచ్చింది. 2005లో బుయాడెస్, కోల్, మోరెల్ అనే ముగ్గురు ఇంతకంటే వివేకమైన దారి చూపారు. ఒక చిన్న తునకను శుభ్రం చేయాలంటే పక్కనున్న వాటిని మాత్రమే అడగకు, అదే పోలిక ఉన్న తునకలు బొమ్మలో ఎక్కడున్నా వెతికి వాటన్నిటి సాక్ష్యం తీసుకో అన్నారు. పోలినవి కలిస్తే పోలిక నిలుస్తుంది, రొద చెదిరిపోతుంది.

ఫోన్లు ఇంకో దారి పట్టాయి. 2018లో గూగుల్ తెచ్చిన నైట్ సైట్ చేతిలో పట్టుకున్న ఫోనుతోనే 15 వరకు ఫ్రేములు తీసి, వణుకును సరిచేసి, ఒకదానిపై ఒకటి పేర్చుతుంది. పదిహేను సార్లు పట్టిన వాన కలిస్తే రొద దాదాపు నాలుగోవంతుకు దిగుతుంది. చిన్న గిన్నెతో ఓపికగా పదిహేను సార్లు నీళ్లు తోడడం. ఆ ఓపికకు నమస్కరిస్తాను. కదలని గోపురాన్ని అది అద్భుతంగా చూపిస్తుంది. తెర మీద హనుమంతుడు గెంతగానే అవ్వ కనురెప్పలో మెరిసే ఉలికిపాటుకు మాత్రం పదిహేనో ఫ్రేము ఉండదు. దానికి దొరికేది ఒక్కటే.

అన్నిటికంటే పాత ఉపాయం మరొకటుంది. వాన తక్కువైతే గుమ్మం పెద్దది చేయడం. స్టాన్లీ క్యూబ్రిక్ 1975లో 'బ్యారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తుల వెలుగులోనే గదుల దృశ్యాలు తీయడానికి నాసా కోసం జైస్ సంస్థ తయారుచేసిన ఎఫ్/0.7 లెన్సును వాడాడు. ఎఫ్/2.8 లెన్సు కంటే అది 16 రెట్లు వెలుతురు రానిస్తుంది. అది ఫిల్మ్ కాలం. అయినా నీతి మారలేదు. ఆ దృశ్యాల్లో ముఖాలు చీకట్లోంచి పండినట్టు బయటికొస్తాయి. ఎవరైనా నన్ను నాయిస్ తగ్గే కిటుకు అడిగితే ముందు ఇదే చెబుతాను. వెలుతురు ఉన్న వైపుకు రెండడుగులు జరగండి, లెన్సు గుమ్మం తెరవండి, మనిషి కదలని క్షణం కోసం ఊపిరి బిగబట్టి షట్టర్ కాస్త నెమ్మదించండి. ఆ తర్వాతే సెన్సార్ గొప్పదనం.

అవ్వ ఫోటోను అచ్చువేయించడానికి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు, "నాయిస్ తీసేయమంటారా సార్? నిమిషం పని" అన్నాడు. చూపించమన్నాను. చూపించాడు. చెంప పాలరాయిలా నున్నబడింది. చెవి దగ్గర ముడతలు లేవు. వెలుతురు చినుకు చినుకుగా చీకట్లో కలిసే ఆ చోట, ఎవరో నల్లరంగు పట్టీ అతికించినట్టు గట్టు ఒకటి లేచింది. చీకటి ఎక్కడ మొదలైందో గట్టిగా తెలిసిపోయింది. ఆ రాత్రి నేను చూసిన చీకట్లో అలాంటి గట్టు లేదు. పాతదే ఉంచమన్నాను. కాగితం మీదికి వచ్చేసరికి జూమ్ చేసినప్పటి కరకరదనం పోయి, రవ్వలు ఒకదానికొకటి చేయందించుకుని చెంప మీద చర్మమైపోయాయి.

రెండో ప్రతి ఒకటి తీయించి ఆ ఊరు తీసుకెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఫోటోను చేయి చాచి దూరంగా పట్టుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. ముక్కుపుడక రాయి మీద వేలు పెట్టి, అక్కడి నుంచి ముడత వెంబడి మెల్లగా చెవి దాకా, చీకటి దాకా వేలు నడిపింది. రవ్వ మాట ఈసారి ఎత్తలేదు.

"ఆ రాత్రి ఇట్నే ఉండె నాయనా" అంది.